మునక

నిమ్మకాయ మళ్లీ నీళ్లలో పడింది. ఫ్లాష్ వెలిగి ఆరింది. ఉదయ్‌భాస్కర్ గాజుతొట్టె పక్కనుంచి లేచి కెమెరా తెరలోకి చూశాడు. కాయ చుట్టూ నీళ్లు గిన్నె అంచులా లేచాయి గానీ ఎడం పక్క ఒక పాయ మరీ ఎత్తుకు పోయి కాయని సగం కప్పేసింది. పనికిరాదు. అద్దం మీద చిట్లిన చుక్కల్ని మెత్తటి గుడ్డతో తుడిచాడు. కాయని తీసి, తడి ఒత్తి, తొట్టె పైన చువ్వకి బిగించిన క్లిప్పులో పెట్టాడు.

తణుకులో అతని స్టూడియోకి ముందుగది బతుకుతెరువు. పెళ్లిళ్లూ, ఓణీల ఫంక్షన్లూ, పాస్‌పోర్ట్ ఫొటోలూ అన్నీ అక్కడే. నల్లగుడ్డ కట్టిన ఈ వెనకగది మాత్రం అతని పిచ్చి. ఎగిరే నీళ్లని పట్టేది షట్టరు కాదు, ఫ్లాషే. దాని బలం ఎంత తగ్గిస్తే మెరుపు అంత పొట్టిదవుతుంది, ఆ పొట్టి మెరుపులోనే చుక్క గాజుపూసలా గాల్లో నిలబడుతుంది అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాడు. ఎవరూ పెద్దగా వినేవారు కాదు. కిందటి నెల రాజమండ్రి ఫొటో ప్రదర్శనలో 'నీరు' విభాగంలో మొదటి బహుమతి వచ్చాక వింటున్నారు. పేపరు జిల్లా పేజీలో పడిన ఫొటోని భార్య రమాదేవి లామినేషన్ చేసి ముందు అద్దానికి అంటించింది. ఇప్పుడీ నిమ్మకాయ కూడా ఆ బహుమతి తెచ్చిన పనే. ఊళ్లో సోడాల కంపెనీ ఆయన కొత్త లేబుల్ మీదకి నీళ్లు చిమ్మే బొమ్మ కావాలన్నాడు.

రమాదేవి గుడ్డ పక్కకి తీసి తొంగిచూసింది. లాకులపేట పాస్టరు గారొచ్చారని, కాఫీ ఇస్తే వద్దంటున్నారని చెప్పింది.

శాంతికుమార్ సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, చేతిలో ఫోను. బహుమతి సంగతి తెలిసి అభినందించడానికి వచ్చాడేమో అనుకుని భాస్కర్ నవ్వుతూ చేతులు తుడుచుకున్నాడు. పాస్టరు నవ్వలేదు. ఫోను ముందుకు చాపి, "ఇది మీరు పెట్టిందేనాండి?" అని అడిగాడు.

అది భాస్కర్ తన చానెల్లో పెట్టిన వీడియో. ఎగిరే నీళ్లని ఎలా తీశాను, ఎలా దిద్దాను అని రెండు వారాల కిందట పెట్టాడు. ముందు బహుమతి ఫొటో వచ్చింది. బంగారు రంగు నీళ్లలోంచి ఒక ఆడమనిషి ఒంటరిగా పైకి లేస్తోంది. తల వెనక్కి వాలి, తడిజుట్టు కొసల నుంచి నీళ్లు విల్లులా వంగి, చుక్క చుక్కగా విడిపోతున్నాయి. ఆ ఫొటో మీద ఒక గీత పక్కకి జరిగింది. గీత జరిగినంత మేరా అసలు ఫొటో బయటపడింది. పాచిరంగు కాలవ నీళ్లు, ఒడ్డున గుర్రపుడెక్క, రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన చర్చి బ్యానరు, పాట పాడుతున్న ఆడవాళ్లు, నడుంలోతు నీళ్లలో నిలబడి ఆ మనిషిని రెండు చేతులా ఎత్తుతున్న శాంతికుమార్. గీత ఇటూ అటూ జరుగుతుంటే వెనక భాస్కర్ గొంతు వినిపిస్తోంది. "ఎంత చెత్త ఉందో చూడండి. ఇదంతా తీసేస్తే గానీ అసలు ఫొటో బయటికి రాదు."

ఆ మాట చెప్పినప్పుడు అతనికి గుర్రపుడెక్కే కనిపించింది. ఇప్పుడు పాస్టరు పక్కన నిలబడి వింటే వేరేగా ఉంది.

"ఫొటోలు తియ్యడానికి పిలిచిన రోజే మీకొక్క మాట చెప్పానండి" అన్నాడు శాంతికుమార్. "ఇవి చర్చి ఆల్బం వరకే, బయట పెట్టొద్దని."

భాస్కర్ గబగబా చెప్పుకొచ్చాడు. ప్రదర్శనకి పంపిన ఫొటోలో బ్యానరు లేదని, పాస్టరు గారు లేరని, కాలవ కూడా కాలవలా లేదని, ఎవరో ఎక్కడో ఎవరికీ తెలియకుండా అన్నీ జాగ్రత్తగా తీసేశానని.

"ఫొటోలో తీసేశారండి" అన్నాడు పాస్టరు. "వీడియోలో మళ్లీ పెట్టారు."

ఆ తర్వాత విషయం చెప్పాడు. ఫొటోలో ఉన్నది బేబీ. లాకులపేట అంగన్‌వాడీలో ఆయా. అది ఎస్సీలకి కేటాయించిన పోస్టు. బాప్తిస్మం తీసుకున్నట్టు తేలితే ఆమె ఎస్సీ కాదంటారు, కాగితాల మీద బీసీ-సీ అయిపోతుంది, పోస్టు పోతుంది. అదే పోస్టుకి పేటలోనే ఉండే చంద్రరావు అనే అతను తన మరదలు లోవలక్ష్మిని పెట్టించాలని మొదట్నించీ తిరిగాడు. ఇప్పుడు వీడియోలోంచి ఆ బొమ్మని కాగితం మీదకి తీయించి మండలాఫీసులో ఫిర్యాదు ఇచ్చాడు. గురువారం విచారణ.

"మా పేటలో అందరి సంగతీ ఇంతేనండి. ఆదివారం ఒకటి, కాగితంలో ఒకటి. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఇప్పుడు అనడానికి బొమ్మ దొరికింది."

భాస్కర్ తన ఫోను తీసి పాస్టరు చూస్తుండగానే ఆ వీడియో తీసేశాడు. తీసేశాక తెరని ఆయన వైపు తిప్పి చూపించాడు. శాంతికుమార్ చూసి తలూపాడు. పొద్దున్నుంచీ తన ఫోనుకే నలుగురు పంపారని చెప్పి లేచాడు. గుమ్మం దగ్గర అద్దానికి అంటించిన పేపరు ముక్క ముందు ఒక్క క్షణం ఆగి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

రమాదేవి కౌంటరు వెనక నిలబడి అంతా వింది. భాస్కర్ ఆమె వైపు చూడకుండా వెనకగదిలోకి పోయి క్లిప్పులో కాయని చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు లాకులపేట వెళ్లాడు. కాలవగట్టు వెంట బండి నడుపుతూ ఏమనాలో మనసులో కూర్చుకున్నాడు. పొరపాటు నాదేనమ్మా, పాస్టరు గారు వద్దన్నా పెట్టాను, నన్ను క్షమించు. మాటలు బాగానే వచ్చాయి. వెనక సీటుకి పెద్ద ప్రింటు ఒకటి గొట్టంలో చుట్టి కట్టుకున్నాడు. అది ఎందుకు తెచ్చాడో అతనికే సరిగ్గా తెలియదు. మనిషి తన ఫొటో చూసుకుంటే కాస్త సంతోషిస్తుంది అనే అలవాటు కాబోలు.

అంగన్‌వాడీ ఒకే గది, ముందు వసారా. టీచరు మీటింగుకి వెళ్లింది. బేబీ పొయ్యి మీద కోడిగుడ్లు ఉడకబెడుతూ, ఒక చేత్తో పప్పు కడుగుతూ, కొట్టుకుంటున్న ఇద్దరు పిల్లల్ని కంటిచూపుతోనే విడదీస్తోంది. నలభై దగ్గరపడ్డ మనిషి. అతన్ని గుర్తుపట్టి లేచి, ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడిచి వేసింది. పక్క కొట్టు నుంచి మూత తియ్యని నీళ్ల బాటిల్ తెప్పించి కుర్చీ పక్కన పెట్టింది. బిందెలో నీళ్లు ఇవ్వలేదు. భాస్కర్ మూత తిప్పి తాగాడు. తాగుతుంటే ఆ సంగతి తట్టింది, తట్టినా తాగాడు.

దారిలో కూర్చుకున్న మాటలేవీ నోటికి రాలేదు. వీడియో తీసేశానని చెప్పాడు. ఇలా జరుగుతుందని అనుకోలేదన్నాడు. ఈ రోజుల్లో ఏది ఎవరి చేతిలో పడుతుందో తెలియడం లేదన్నాడు. చంద్రరావు లాంటివాళ్లు ఊరికొకళ్లు ఉంటారన్నాడు. బేబీ అన్నిటికీ "ఆయ్" అంటూ గుడ్లు తీసి చన్నీళ్లలో వేసింది. ఒక్కో గుడ్డునీ గట్టుకేసి మెల్లగా తట్టి, పెంకు చెదరకుండా ఒకే చుట్టుగా ఒలిచి, పళ్లెంలో పెడుతోంది.

"ఆ ఫొటో నేను పెద్దది చూళ్లేదండి. ఫోన్లలో చూపిస్తున్నారు గానీ" అంది కాసేపటికి.

అతను బండి దగ్గరికి వెళ్లి గొట్టంలోంచి ప్రింటు తీసి తెచ్చాడు. బేబీ చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకుని వెలుతుర్లోకి తిప్పుకుంది. చాలాసేపు చూసింది. పిల్లలు చుట్టూ మూగారు. ఒక పిల్ల వేలుపెట్టి బేబీ ఆయమ్మే అంది.

"పాస్టరు గారి చేతులేవండి?"

"తీసేశానమ్మా. ఫొటోలో అడ్డం వస్తున్నాయి."

"చేతుల్లేకపోతే నేనెలా లేచానండి?"

నిష్ఠూరంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగింది. ఆ చేతులు తియ్యడానికి భాస్కర్‌కి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. చేతులు తీసేసిన చోట చీర మడతలు కొత్తగా కల్పించాడు. చెయ్యి చాటున పడి కనపడని నీళ్లని, గాజుతొట్టెలో తీసిన పాత ఫొటోల నుంచి చుక్క చుక్కా తెచ్చి అతికాడు. అతుకు ఎక్కడుందో న్యాయనిర్ణేతలు కూడా పట్టలేకపోయారని వీడియోలో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

"నాకు నీళ్లంటే భయమండి" అంది బేబీ, ప్రింటుని చుట్టి అతనికి ఇచ్చేస్తూ. "మా అన్న ఆ కాలవ లాకుల దగ్గరే మునిగి పోయాడు, నా చిన్నప్పుడు. అందుకే ఇన్నేళ్లూ మునగలేదు. మా అమ్మ చెప్పగా చెప్పగా, ఆయన చేతులున్నాయి కదా అని దిగాను."

తర్వాత పప్పులో ఉప్పేసి, మూతపెట్టి, నిజంగా తెలుసుకోవాల్సింది అడిగింది. పోస్టు తీసేస్తారాండి అని.

"నేను చూసుకుంటాను. నువ్వేమీ దిగులు పెట్టుకోకు" అన్నాడు భాస్కర్. ఆ మాట అన్నాక ప్రాణం కాస్త తేలికపడింది. ఏం చూసుకుంటాడో అప్పటికి తెలియదు. తిరిగి వస్తూ గట్టు మీద, కాలవలో గేదెని కడుగుతున్న మనిషి దోసిలితో నీళ్లు చిమ్మడం చూశాడు. అప్పుడు తట్టింది.

బుధవారం స్టూడియో షట్టరు సగం దించి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆలోచన సులువే. వీడియోలో 'అసలు ఫొటో' అని చూపించింది అసలుది కాదని చెప్పాలి. కాలవలో స్నానం చేస్తున్న మనిషిని దూరం నుంచి తీశానని, ఎడిటింగ్‌లో ఏమేం చెయ్యొచ్చో జనానికి చూపించడానికి పాస్టర్నీ, బ్యానర్నీ, పాడే ఆడవాళ్లనీ తనే వేరే ఫొటోల నుంచి తెచ్చి అతికించానని చెప్పాలి. అలా చెబితే నమ్మాలంటే ఆ 'అసలు' ఫొటో ఒకటి చేతిలో ఉండాలి. అది తయారు చెయ్యాలి.

ముందు పాస్టర్నీ, బ్యానర్నీ తీశాడు. కొబ్బరిచెట్ల మధ్య ఖాళీలోకి ఆకాశం నింపాడు. పాడుతున్న ఆడవాళ్ల చోట పాత ఫొటోల్లోంచి బట్టలుతికే బండ, తడిగుడ్డల మూట, ఒడ్డున ఒక గేదె తెచ్చి పెట్టాడు. గేదె నీడ ఎడమకి పడుతోంది, ఇక్కడ ఎండ ఎడం నుంచే వస్తోంది, గేదెని తిప్పాడు. బేబీ కట్టుకున్న తెల్లచీర స్నానానికి వెళ్లే చీరలా లేదు. దానికి వెలిసిన నీలం రంగు ఎక్కించి, సన్నంచు గీశాడు. నీళ్లలో పడిన తెల్లనీడని కూడా నీలం చేశాడు. అన్నిటికన్నా కష్టం నీళ్లే. ఈసారి నీళ్లు అందంగా ఉండకూడదు, మామూలుగా ఉండాలి. తొట్టెలో తీసిన స్ప్లాష్‌లలో పనికిరావని పక్కన పడేసినవి వెతికి, పాయలు వంకరగా పోయినవి, చుక్కలు మసకబారినవి ఏరి, వాటిని అతికాడు. కాలవ ఫొటోలో ఉన్న గరుకుదనాన్ని ఆ చుక్కల మీద కూడా చల్లాడు. పెద్దది చేసి అంచు అంచూ తడిమి చూసుకున్నాడు. ఎక్కడా అతుకు కనపడలేదు. ఇన్నేళ్లలో ఇంత మంచి పని చెయ్యలేదనిపించింది. సోమవారం నుంచీ మెడ మీద ఉన్న బరువు దిగి, ఈల కూడా వేశాడు.

రమాదేవి అన్నం తినమని పిలవడానికి వచ్చి వెనక నిలబడి చూసింది. ఏం చేస్తున్నాడో అతనే చెప్పాడు, కాస్త ఉత్సాహంగా.

"బాగుంది" అంది ఆమె. "ఆవిడ్ని అడిగారా?"

"అడిగేదేముంది? ఆవిడ మంచికే కదా."

"అప్పుడూ అడగలేదుగా."

అతనికి కోపం వచ్చింది. అన్నం తర్వాత తింటానని, ప్రింటరులో కాగితం పెట్టమని చెప్పాడు. ఆమె కాగితం పెట్టి వెళ్లిపోయింది. ప్రింటు ఆరేదాకా భాస్కర్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. గేదె నిజంగా అక్కడే పుట్టినట్టుంది.

గురువారం మండలాఫీసులో పైన ఫ్యాను తిరుగుతున్నా గాలి రాని గదిలో విచారణ. విచారణకి వచ్చిన అధికారి పేరు నాగదుర్గ. కళ్లజోడు, ముందు దస్త్రం, పక్కన మందులపెట్టె. కఠినమైన మనిషి కాదు. ఫిర్యాదు రాకపోతే బాగుండేదని, వచ్చింది కాబట్టి ఏదో ఒకటి రాయాలని ఆమె ముఖంలోనే తెలుస్తోంది. చంద్రరావు ఇస్త్రీ చొక్కాతో ఒక పక్క నిలబడ్డాడు. బేబీ, పాస్టరు ఇంకో పక్క. తనేం చెప్పబోతున్నాడో భాస్కర్ ఎవరికీ ముందుగా చెప్పలేదు. చెబితే పాస్టరు ఒప్పుకోడేమోనని భయపడ్డాడు, ఆయన్ని అబద్ధం చెప్పమని అడగకుండా తనే చెప్పేస్తే సరిపోతుందనుకున్నాడు.

ఫొటో తీసింది అతను కాబట్టి నాగదుర్గ ముందు అతన్నే అడిగింది. అతను కవర్లోంచి ప్రింటు తీసి బల్ల మీద పెట్టి, నేర్చుకున్న పాఠంలా అంతా చెప్పాడు. ఎడిటింగ్‌లో ఏమైనా చెయ్యొచ్చని, లేనివాళ్లని తేవచ్చు, ఉన్నవాళ్లని తియ్యొచ్చని, తనకి రాజమండ్రిలో బహుమతి కూడా దానికే వచ్చిందని చెప్పాడు. ఆమె చంద్రరావు ఇచ్చిన మసక కాగితాన్నీ, ఈ ప్రింటునీ పక్కపక్కన పెట్టి చూసింది. ఆమె భుజాలు సడలడం అందరికీ కనిపించింది.

చంద్రరావు ముందుకొచ్చాడు. బాప్తిస్మం జరగలేదంటారా, ఊరంతా చూసింది అన్నాడు.

"చూసినవాళ్లెవరైనా వచ్చి రాసిస్తారా?" అని అడిగింది నాగదుర్గ. "మీరు రాసిస్తారా? అక్కడ మీరెందుకున్నారో కూడా రాయాలి మరి."

అతను వెనక్కి తగ్గాడు. అతని తల్లి ఆ ఒడ్డున పాట పాడినవాళ్లలో ఉంది. అది ఆ గదిలో నాగదుర్గకి తప్ప అందరికీ తెలుసు, బహుశా ఆమెకీ తెలుసు. శాంతికుమార్ నేల వైపు చూస్తున్నాడు. భాస్కర్ ఆయన కళ్లలోకి చూడాలని రెండుసార్లు ప్రయత్నించాడు, ఆయన తల ఎత్తలేదు.

నాగదుర్గ ప్రింటుని బేబీ వైపు తోసింది. కాలవలో స్నానం చేస్తుంటే తీసిన ఫొటో ఇదేనా, అవునంటే కింద సంతకం పెట్టమని, అంతటితో అయిపోతుందని చెప్పింది. కలం మూత తీసి ఆమె చేతికి ఇచ్చింది.

బేబీ కలం పట్టుకుని ఫొటో చూసింది. గేదెని చూసింది. బండని చూసింది. తన ముఖాన్ని చూసింది.

"ఈ చీర నాది కాదండి" అంది.

నీళ్లలో రంగు అలా కనిపిస్తుందని భాస్కర్ అందుకున్నాడు. చీర సంగతి కాదమ్మా, మనిషివి నువ్వేనా కాదా అని నాగదుర్గ అంది.

"నేనేనండి. కానీ స్నానం కాదు." బేబీ కలాన్ని బల్ల మీద పెట్టింది. "నేను మునిగానండి. పాస్టరు గారే ముంచి లేపారు. మా అమ్మ ఒడ్డున ఉంది."

నాగదుర్గ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆలోచించుకుని చెప్పమ్మా. ఒకసారి రాశాక నేను చెరపలేను."

"రాసుకోండి మేడం గారూ. నాకు నీళ్లంటే ఎంత భయమో మా పేటలో అందరికీ తెలుసు. అంత భయాన్నీ దాటి దిగి, దిగలేదని సంతకం ఎలా పెడతానండి?"

శాంతికుమార్ అప్పుడు తల ఎత్తాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. చంద్రరావు గెలిచినవాడిలా లేడు. గుమ్మం వైపు చూస్తున్నాడు. నాగదుర్గ చాలాసేపు రాసింది. రాసినంతసేపూ నీలం చీర ప్రింటు బల్ల మధ్యన అలాగే ఉంది. దాన్ని తీసి కవర్లో పెట్టుకోవాలని భాస్కర్ చెయ్యి చాపబోయి మానుకున్నాడు.

రాయడం ముగించి ఆమె అతని వైపు తిరిగింది. "మరి మీరు తెచ్చిందేంటండి ఇది?"

ఇందాక అంత ధారాళంగా మాట్లాడిన భాస్కర్ ఇప్పుడు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ప్రభుత్వాఫీసులో దొంగఫొటో పెడితే ఏమవుతుందో తెలుసా అని ఆమె అడిగింది, పెద్దగా అరవలేదు. అటెండరు కూడా గుమ్మంలోకి వచ్చి చూస్తున్నాడు.

"ఆయన నా మంచికే చెప్పారండి" అంది బేబీ. "ఆయన్నేమీ అనకండి."

బయట బళ్లు పెట్టే రేకుల షెడ్డు కింద భాస్కర్ తాళంచెవి కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. చేతిలోనే ఉంది. బేబీ తిన్నగా అతని దగ్గరికే వచ్చింది. నాలుగడుగుల దూరంలో ఆగి, చెమట తుడుచుకుని, "నా వల్ల మీ పరువు పోయిందండి అందరి ముందూ. ఏమీ అనుకోకండి" అంది.

అతను ఆమె పాదాల వైపు చూస్తూ నిలబడ్డాడు. మంగళవారం బండి మీద కూర్చుకున్న మాటలన్నీ ఉన్నాయి, ఒక్కొక్కటీ ఎక్కడుందో కూడా తెలుసు. ఏదీ పైకి రాలేదు.

"పాస్టరు గారి చేతులున్న ఫొటో మీ దగ్గరుంటే ఒకటి ఇప్పించండి. మా అమ్మకి చూపిస్తాను."

"ఉంది" అన్నాడు. అదొక్కటే అన్నాడు.

బండి మీద దింపుతానంటే వద్దంది. ఆర్డరు వచ్చేదాకా డ్యూటీ తనదేనని, పిల్లలకి వండాలని చెప్పి, రోడ్డు మీద ఆటో ఆపుకుని ముందు సీటు అంచున కూర్చుని వెళ్లిపోయింది. పాస్టరు తన మోపెడ్‌ని తోసుకుంటూ భాస్కర్ పక్కనుంచే వెళ్లాడు. వెళ్తాను అని మాత్రం అన్నాడు.

వారం తిరక్కుండా బేబీని తీసేస్తూ ఆర్డరు వచ్చింది. ఆ సంగతి రమాదేవికి కౌంటరు దగ్గరికి వచ్చిన టీచరమ్మ ఎవరో చెప్పింది. బేబీ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తోందట, తెల్లారకుండానే వ్యాను వచ్చి పేట ఆడవాళ్లని ఎక్కించుకుపోతుందట. రమాదేవి ఇవన్నీ అతనికి చెప్పి, ముందు అద్దం దగ్గరికి వెళ్లి, లామినేషన్ చేసిన పేపరు ముక్కని గోటితో లేపి తీసేసింది. జిగురు మరక ఉండిపోయింది. తడిగుడ్డతో రుద్దింది.

ఆ మధ్యాహ్నం భాస్కర్ కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టు ఉన్న ఫొటో తెరిచాడు. బేబీ నోరు తెరుచుకుని ఉంది, కళ్లు గట్టిగా మూసుకుంది, ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి. పాస్టరు మోచెయ్యి ఆమె మెడకి అడ్డంగా ఉంది. అతనికి పేరు తెచ్చిన నీళ్ల విల్లు ఒక కొస ఫ్రేము అంచున తెగిపోయింది. ఎక్స్‌పోజర్ కాస్త పెంచితే ముఖం బాగుంటుందని వేలు మౌస్ మీదకి పోయింది. తీసేసుకున్నాడు. అలాగే ప్రింటు వేసి, ఫ్రేము కట్టించి, బండి తీశాడు.

బేబీ ఇల్లు చర్చి వెనక సందులో రెండోది. గుమ్మంలో ముసలామె చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుని ఉంది. బేబీ తల్లి దీనమ్మ. కూతురు పనిలోకి వెళ్లిందని చెప్పింది. అతనెవరో చెప్పాక, ఫ్రేముని రెండు చేతులా అందుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. చింతపండు అంటిన వేళ్ల గుర్తులు అద్దం మీద పడ్డాయి. కొంగుతో తుడిచి మళ్లీ చూసింది.

"దీని మొహం ఇలా ఉందేంటి బాబూ?"

"అప్పుడలాగే ఉందమ్మా."

ఆమె తలూపింది. లేపేటప్పుడు ఏడ్చింది అది, చిన్నపిల్లలా ఏడ్చింది అని ఫొటోతో చెప్పినట్టు చెప్పింది. ఫ్రేముని గోడకి ఆనించి పెట్టి, అతన్ని అరుగు మీద కూర్చోమంది.

"నీ గురించి చెప్పింది బాబూ బేబీ. ఆఫీసుకి కూడా వచ్చి దానికోసం మాట్లాడావంట. ఎవరొస్తారు ఈ రోజుల్లో."

భాస్కర్ కూర్చోబోయినవాడల్లా నిలబడిపోయాడు. ఆమె ముఖంలో వెటకారం లేదు. కూతురు చెప్పింది చెప్పినట్టు నమ్మిన ముఖం. ఇక్కడ తల ఊపి వెళ్లిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. బేబీ ఎప్పటికీ అనదు.

"నేను చేసింది సాయం కాదమ్మా" అన్నాడు. "ఆ ఉద్యోగం పోయింది నా వల్లే. బయట పెట్టొద్దని పాస్టరు గారు చెప్పిన ఫొటో నేనే పెట్టాను, పేరు కోసం. ఆఫీసులో చెప్పింది కూడా అబద్ధమే. మీ అమ్మాయి మునగనేలేదని చెప్పాను."

దీనమ్మ చేతిలో పిక్క ఆగింది. అతని వైపు చూసింది, ఫొటో వైపు చూసింది. ఏదో అంటుందని, తిడుతుందని అతను ఎదురుచూశాడు. తిడితే బాగుండును అనిపించింది. ఆమె పిక్కని చాటలో పడేసి ఇంకో రెబ్బ అందుకుంది.

"ఈ మాట దానితో చెప్పావా?"

"లేదమ్మా."

"నాతో చెప్పి ఏం లాభం? సాయంత్రం వ్యాను వస్తుంది. అప్పటిదాకా ఉండి, దానితో చెప్పి వెళ్లు."

భాస్కర్ అరుగు మీద కూర్చున్నాడు. ఏదో పని ఉందని చెప్పి లేవచ్చుననుకున్నాడు. సోడాల కంపెనీ ఆయన ఫోను రెండుసార్లు మోగింది, తియ్యలేదు. అరుగు మీద ఎండ కాళ్ల దాకా వచ్చింది, కాళ్లు ముడుచుకున్నాడు. సందులో పోయేవాళ్లు అతన్ని చూసి, గుర్తుపట్టి, ఆగకుండా పోయారు. చంద్రరావు తల్లి కాబోలు, ఒకామె ఎదురింటి గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్లింది.

చాలాసేపటికి గట్టు మీద వ్యాను ఆగిన చప్పుడు వినిపించింది. రొయ్యల నీచుకంపు ముందు వచ్చింది, వెనకాల ఆడవాళ్ల మాటలు. భాస్కర్ అరుగు దిగి, సందు మొదట్లోకి చూస్తూ నిలబడ్డాడు.